చెరొక బిడ్డ

జయపాల్‌కీ లిడియాకీ మధ్య చివరికి మిగిలింది పిల్లల సంగతి ఒక్కటే. అది తేల్చటానికి చర్చి సంఘ పెద్ద జక్రయ్యగారి వసారాలో కూర్చున్నారు. విడిపోవటానికి ఇద్దరూ అప్పటికే ఒప్పుకున్నారు. కోర్టులో అర్జీ కూడా కలిసే పెట్టారు. కోపాలు ఎంత పాతబడిపోయాయంటే, గొంతు పెంచి అరుచుకునే ఓపిక కూడా వాళ్ళలో మిగల్లేదు.

"పెద్దదాని చదువు ఇక్కడే సాగుతుంది గదా, అది తండ్రి దగ్గరుంటది. చిన్నది పసిది, తల్లితో పోద్ది. చెరొక బిడ్డ. ఎవరికీ అన్యాయం లేదు," అన్నాడు జక్రయ్య.

అందరికీ అది సబబుగానే తోచింది.

లోపలి గదిలో మంచం మీద కూర్చున్న పిల్లలిద్దరికీ ఆ మాటలు వినపడ్డాయి. పెద్దమ్మాయి కెజియా తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. చిన్నమ్మాయి జెమీమా రెండో తరగతి.

"చెరొక బిడ్డ అంటే ఏందక్కా?" అని జెమీమా అడిగింది.

కెజియా చెల్లెలి జడ విప్పి మళ్ళీ మొదటినుంచీ అల్లటం మొదలుపెట్టింది.

జయపాల్ అద్దంకి దగ్గరి పల్లెలో పొలం కౌలుకు తీసుకుని మిరపా పత్తీ వేస్తాడు. లిడియా పెళ్ళికి ముందే నర్సు చదువు చదివింది. వరసగా రెండేళ్ళు మిరప తోటకు నల్లతామర పురుగు తగిలి పోయినప్పుడు, తాడేపల్లిలో ఒక ఆసుపత్రిలో పని ఉందంటే తను వెళ్తానంది. వెళ్ళొద్దని అతను అనలేదు గానీ వెళ్ళిన ప్రతిసారీ ముఖం మాడ్చుకునేవాడు. వారానికోసారి వచ్చేది. వచ్చిన రోజల్లా తగువే. ఎవరితో మాట్లాడుతున్నావని అతనంటే, నువ్వెందుకు తాగావని ఆమె. ఒక ఆదివారం అతను చెయ్యి చేసుకున్నాడు. ఆ తరవాత తాగుడు పూర్తిగా మానేశాడు. కానీ లిడియా ఇక రాలేదు.

జూన్‌లో జెమీమాను తాడేపల్లి తీసుకెళ్ళింది. ఆటో ఎక్కేటప్పుడు పిల్ల ఏడవలేదు. అక్క కూడా వస్తుందనే అనుకుంది. ఆటో కదిలాక గానీ దానికి అర్థం కాలేదు.

కెజియా అప్పుడూ ఏడవలేదు, తరవాతా ఏడవలేదు. పొద్దున్నే లేచి అన్నం వండి, తండ్రికి క్యారేజీ కట్టి, తను సగం జడతో ఆటో కోసం పరుగెత్తేది. కూతురు ధైర్యంగా ఉందని జయపాల్ అనుకున్నాడు. సంఘంలో అందరితోనూ అదే చెప్పేవాడు. "మా కెజియా పెద్దదయిపోయిందండి, ఇల్లంతా అదే చూసుకుంటంది."

బడిలో మాత్రం కెజియా మునుపటి కెజియా కాదు. లెక్కల మాస్టారు బోర్డు మీద లెక్క వేయగానే చెయ్యెత్తే పిల్ల, ఇప్పుడు బోర్డు వైపు చూస్తూనే మరెక్కడో ఉండేది. ఇప్పుడు చెల్లికి అన్నం గంట కొడతారు, ఇప్పుడు బడి వదులుతారు, ఇప్పుడు దాన్ని ఎవరు తీసుకెళ్తారు? మాస్టారు పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడి లేచేది. అమ్మానాన్నలు విడిపోయారని స్నేహితురాళ్ళకు చెప్పలేదు. అమ్మ ఉద్యోగం మీద వెళ్ళిందని చెప్పింది. ఆ అబద్ధం నిలబెట్టటానికి ఎవరితోనూ ఎక్కువ మాట్లాడటం మానేసింది. కొన్నాళ్ళకు వాళ్ళూ ఆమెను పలకరించటం తగ్గించారు.

ఆదివారాలు ఫోన్లో బొమ్మ కనిపించేలా మాట్లాడుకునేవారు. జయపాల్ ఫోను కూతురి చేతికిచ్చి తను బయటకు వెళ్ళేవాడు, లిడియా ముఖం చూడకుండా. జెమీమా ఫోన్లో మాట్లాడేది కాదు. తెర దగ్గరికి ముఖం పెట్టి, ఒక కన్నూ సగం ముక్కూ మాత్రమే కనపడేలా చూస్తూ కూర్చునేది. సెప్టెంబరులో ఒక ఆదివారం ఉన్నట్టుండి నోరు విప్పింది.

"అక్కా, నాకు చదవటం మర్చిపోయింది."

"మర్చిపోవటమేంది? 'పలక' చదువు. 'వలస' చదువు. నేను నేర్పాగా?"

"మర్చిపోయింది," అంది జెమీమా మళ్ళీ. ఆపైన సిగ్నల్ పోయింది.

ఆ ఏడాది ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు, రాష్ట్రంలో ఎక్కడికైనా వెళ్ళొచ్చు. మర్నాడు అద్దంకి బస్టాండు ముందు ఆటో దిగిన కెజియా, బడి వైపు నాలుగు అడుగులు వేసి ఆగింది. ప్లాట్‌ఫారం మీద విజయవాడ ఎక్స్‌ప్రెస్ నిలబడి ఉంది. యూనిఫారంతోనే ఎక్కేసింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టర్.

"తాడేపల్లి. మా అమ్మ దగ్గరికి."

అతను ఆమె సంచిలోంచి తీసిన కార్డు చూసి, సున్నా టికెట్టు కొట్టి ఇచ్చి ముందుకు పోయాడు. ఇంత సులువా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

అమ్మ ఫోన్లో చెప్పగా విన్న గుర్తులను బట్టి దారి అడుక్కుంటూ బడికి చేరేసరికి మధ్యాహ్నం భోజనాలు మొదలయ్యాయి. పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరసలో ఉన్నారు. వరస చివర, అందరికీ ఒక అడుగు వెనకగా, జెమీమా. అక్కను చూసి అరవలేదు, పరుగెత్తలేదు. వరసలోంచి తప్పుకుని నడుచుకుంటూ వచ్చి అక్క చున్నీ కొస పట్టుకుని నిలబడింది. అన్నం తినేటప్పుడు కూడా వదల్లేదు.

తరవాత గోడ నీడలో కూర్చుని ఇద్దరూ పుస్తకం తెరిచారు. "మర్చిపోయానన్నావ్?" అంది కెజియా. జెమీమా వేలు పెట్టి మెల్లగా, ఒక్క తప్పూ లేకుండా పాఠమంతా చదివింది.

ఆ తరవాత కెజియా వారానికోసారి వెళ్ళేది. ఒక్కో వారం రెండుసార్లు. సాయంత్రం ఇల్లు చేరేది మామూలు వేళకు కాస్త అటూ ఇటూగా. తనకు పరీక్షల సెలవులని ఒకసారి, అమ్మే పంపిందని ఒకసారి ఆ బడి టీచరుకు చెప్పింది. సంగతి అమ్మకు చెప్పొద్దని చెల్లెలికి చెప్పింది. అమ్మకు తెలిస్తే నాన్నను తిడుతుంది, నాన్నకు తెలిస్తే అమ్మను తిడతాడు, ఎటు తిరిగీ బస్సు ఆగిపోతుందని ఆమె భయం. జెమీమాకు రహస్యం దాచటం కష్టమేమీ కాలేదు. అది ఎటూ ఎవరితోనూ మాట్లాడదు. బడిలో ఇచ్చిన వేరుసెనగ చిక్కీలు మాత్రం అక్క కోసం సంచిలో దాచిపెట్టేది.

కెజియా బడికి రాలేదన్న సందేశాలు లిడియా ఫోనుకు వచ్చేవి. పిల్లను బడిలో చేర్చిన రోజున ఇచ్చిన నంబరు ఆమెదే. ఆ తరవాత ఎవరూ మార్చలేదు. మొదటి రెండూ చూసి, జ్వరమేమో అనుకుంది. వరసగా వస్తుంటే ఆమెకు ఒకటే తోచింది. నవంబరు నెల. పత్తి తీతలకు మనుషులు దొరకని కాలం. ఒక పొద్దున జయపాల్‌కు ఫోన్ చేసింది.

"పిల్లని పత్తి తీతకి పంపుతున్నావా?"

"ఏంది నువ్వనేది?"

"బడికి రావట్లేదని నాకు మెసేజీలు వస్తన్నయి. కూలోళ్ళకి బదులు నా బిడ్డని పెడతన్నావా పొలంలో?"

"నోరు అదుపులో పెట్టుకో లిడియా! నా కళ్ళముందే రోజూ సంచి తగిలించుకుని ఆటో ఎక్కుద్ది. ఎట్టాగైనా నన్ను చెడ్డోణ్ణి చేసి దాన్ని కూడా లాక్కుందామని చూస్తన్నావ్."

"అయితే బడికి పోయి అడుగు."

ఆమె అబద్ధమాడుతోందని రుజువు చేద్దామనే అతను బడికి వెళ్ళాడు. క్లాసు టీచరు హాజరు చూసి చెప్పింది. లిడియా చెప్పింది నిజమే. "మీరు ఒకసారి రావాలని చాలాసార్లు చెప్పి పంపానండి. మీ అమ్మాయి చెప్పలేదా?" అందామె. "ఎంతో బాగా చదివే పిల్ల. ఈసారి లెక్కల్లో తప్పింది."

ఆ సాయంత్రం కెజియా మామూలుగానే వచ్చింది. బియ్యం ఏరుతూ కూర్చుంది. జయపాల్ గుమ్మంలో నిలబడి ఆమెను చూశాడు. అడగాలనుకున్నాడు. ఎవడో కుర్రాడి పేరు వినాల్సి వస్తుందేమోనని భయమేసింది. విన్నాక తన చెయ్యి ఊరుకోదేమోనని అంతకంటే ఎక్కువ భయమేసింది. చెయ్యెత్తిన ఒక్క ఆదివారానికి ఎంత పోయిందో అతనికి తెలుసు.

మర్నాటినుంచి పొలం పని పక్కనబెట్టి, కూతురి ఆటో వెనకే బండి మీద అద్దంకి దాకా వెళ్ళటం మొదలుపెట్టాడు. రెండు రోజులు ఆమె నేరుగా బడికే వెళ్ళింది. మూడోనాడు బస్టాండులోకి నడిచింది.

విజయవాడ బస్సు వెనక జయపాల్ బండి నడిపాడు. చిలకలూరిపేటలో బస్సు ఆగితే టీ బడ్డీ చాటున నిలబడి దిగేవాళ్ళ ముఖాలు చూశాడు. గుంటూరులో జనం దిగారు, ఎక్కారు, కెజియా దిగలేదు. కిటికీ పక్కన ఆమె తల ఆనించి నిద్రపోవటం కనిపించింది. మంగళగిరి దాటాక అతనికి అర్థమైంది. వాళ్ళమ్మ దగ్గరికి వెళ్తోంది. కుర్రాడు కాదని గుండె తేలికపడింది. ఆ వెంటనే మరో బాధ పట్టుకుంది. తన దగ్గర ఉండలేకపోతే చెప్పొచ్చు కదా, ఇలా దొంగచాటుగా ఎందుకు?

కానీ తాడేపల్లిలో దిగిన కెజియా లిడియా ఉండే వీధి వైపు తిరగలేదు. బడిలోకి వెళ్ళింది.

గేటు దగ్గర నిలబడి చూశాడు జయపాల్. గోడ నీడలో ఇద్దరు కూతుళ్ళూ ఒకే పళ్ళెంలో తింటున్నారు. గుడ్డును కెజియా రెండు ముక్కలు చేసింది. నోట్లో అన్నంతోనే జెమీమా ఏదో చదువుతోంది. పెద్దది మధ్యలో ఆపి, మూతి తుడిచి, మళ్ళీ చదవమంటోంది. కోర్టు వాయిదా తరవాత చిన్నకూతుర్ని అతను చూడటం అదే మొదటిసారి. పొడుగైంది. చిక్కింది.

ముందు జెమీమాయే అతన్ని చూసింది. పరుగెత్తుకొస్తుందని చేతులు చాచబోయాడు. పిల్ల లేచి అక్క వెనక్కి వెళ్ళి నిలబడింది.

"నాన్నా, అక్కను తీసుకుపోతావా?" అంది.

జయపాల్ చేతులు అలాగే ఉండిపోయాయి.

టీచరు మాధవీలత బయటకు వచ్చింది. ఎవరో కనుక్కుని, వరండాలో కుర్చీ వేయించింది. సంగతి విన్నాక ఆమె ముఖం పాలిపోయింది. "సెలవులని చెబితే నమ్మానండి. నిజం చెప్పాలంటే నమ్మాలనే అనిపించింది. మొదటి మూడు నెలలూ జెమీమా క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. మూగపిల్లేమోనని కూడా అనుకున్నాం. వాళ్ళక్క వచ్చి వెళ్ళాకే నోరు విప్పింది." ఆమె అప్పటికప్పుడు లిడియాకు ఫోన్ చేసింది.

లిడియా ఆసుపత్రి చీరలోనే షేర్ ఆటో దిగి వచ్చింది. గేటులో జయపాల్‌ను చూసి ఆగింది.

"ఇక్కడికెందుకొచ్చావ్? ఇదీ కావాల్సొచ్చిందా నీకు?"

"నన్నడుగుతావేం? పిల్ల నీ ఊరొచ్చి నీ బిడ్డ బడిలో కూర్చుంటే నీకే తెలవదా? ఏం తల్లివి?"

"నువ్వేం తండ్రివి? ఇంట్లో ఉన్న పిల్ల ఎటు పోతుందో చూసుకోలేనోడివి..."

జెమీమా రెండు చేతులతో చెవులు మూసుకుంది. అలవాటైన పనిలా, ఎవరూ చెప్పకుండా. కెజియా చెల్లెలి ముందుకు వచ్చి నిలబడింది.

"ఆపండి. మీరు పోట్లాడుకున్నారు, మీరు విడిపోయారు. నేనేమన్నా అన్నానా? కానీ నేనూ చెల్లీ ఎప్పుడు పోట్లాడుకున్నాం? మమ్మల్నెందుకు విడదీశారు?"

లోపల క్లాసులో పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు.

"చెరొక బిడ్డ అన్నారు," అంది కెజియా. "మాకు మాత్రం ఎవరూ లేకుండా చేశారు." అప్పుడు ఏడ్చింది. జూన్ నుంచి దాచుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. వెక్కిళ్ళు పట్టి ఊపిరాడలేదు. లిడియా వచ్చి పట్టుకుంది. జయపాల్ నీళ్ళ బాటిల్ మూత తీసి ఇచ్చాడు.

చాలాసేపటికి లిడియా నేల వైపు చూస్తూ అంది. "దీనికి పక్క తడిసే అలవాటు మళ్ళీ వచ్చింది. డాక్టరుకు చూపించా. జబ్బేం లేదన్నాడు. నాకు రాత్రి డ్యూటీ ఉంటే పక్కింటావిడ దగ్గర పడుకోబెడుతున్నా. నీకు తెలిస్తే కోర్టులో చెబుతావని దాచా."

కోర్టులో చెప్పదగిన మాటే అది. ఆ సంగతి జయపాల్‌కూ తట్టింది. కానీ అతని నోట మరో మాట వచ్చింది.

"ఈ పిల్ల మధ్యాహ్నం ఏం తింటుందో నాకూ తెలవదు. నాకు క్యారేజీ కట్టి తను ఏం పట్టుకుపోతుందో ఏనాడూ చూళ్ళేదు."

"ఎవరి దగ్గర ఉంచుతారో నేను చెప్పలేనండి," అంది మాధవీలత. "ఇద్దర్నీ ఒక్కచోట ఉంచండి. అది మాత్రం చెప్పగలను."

లిడియా కూతురి వైపు తిరగబోయింది. కెజియా ముందే తల అడ్డంగా ఊపింది. "ఎవరి దగ్గరుంటావని నన్నడగొద్దు. ఏం చెప్పినా ఒకళ్ళు ఏడుస్తారు."

ఆ రోజు ఏదీ తేలలేదు. జయపాల్ కెజియాను బండి మీద ఇంటికి తీసుకొచ్చాడు. దారిలో ఆమె అతని వీపు మీద తల పెట్టుకుంది. చిలకలూరిపేట దాటాక, "కొట్టవా నాన్నా?" అంది. "లేదమ్మా," అన్నాడు.

ఆ వారమంతా జయపాల్ మనసులో రెండు వైపులా వాదించుకున్నాడు. చిన్నదాన్ని ఇక్కడికి తెచ్చుకోవచ్చు. ఊరు తెలిసిందే, సంఘం అండ ఉంది. కానీ సంక్రాంతి దాటితే మిరప కోతలు. తను తెల్లారక ముందే పొలంలో ఉంటాడు, తరవాత కల్లం దగ్గర కాపలా. అప్పుడు ఆ చిన్నపిల్లను చూసేది ఎవరు? కెజియానే. ఇప్పటికే ఒక ఇంటిని మోస్తున్న పిల్ల నెత్తిన ఇంకో బిడ్డను పెట్టటమే. ఈ మాట అతనికి ఎవరూ చెప్పలేదు. ఒక పొద్దున చీకట్లో గ్యాస్ పొయ్యి ముందు నిలబడి కునుకుతున్న కెజియాను చూసినప్పుడు తట్టింది.

అదే రోజు పొలం గట్టు మీదనుంచి ఫోన్ చేశాడు.

"లిడియా, పెద్దదాన్ని కూడా నువ్వే తీసుకుపో. క్రిస్‌మస్ సెలవులకి ముందే బళ్ళో టీసీ తీసిస్తా."

"కోపంతో అంటన్నావా?"

"కాదు."

"రాత్రి డ్యూటీలు వద్దని అడుగుతా. ఒప్పుకోకపోతే పని మానేసి ఇక్కడే చిన్న ఆసుపత్రిలో చేరతా. జీతం తగ్గినా సరే." కాస్త ఆగి, "ఆదివారాలు నువ్వు రా. రావద్దని ఎప్పుడూ అనను," అంది.

"మనం మళ్ళీ కలిసి..." అని మొదలుపెట్టబోయాడు జయపాల్.

"వద్దులే జయపాల్. పిల్లల సంగతి వరకు చాలు."

"సరే," అన్నాడు.

కెజియా ఆ మాట విని సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది. "నువ్వొక్కడివే ఎట్టా ఉంటావ్ నాన్నా? అన్నం ఎవరు వండుతారు?"

"నేను చిన్నపిల్లోణ్ణా? నువ్వు పుట్టకముందు ఎవరు వండారంట?"

"నాయనమ్మ."

అతనికి నవ్వొచ్చింది. కూతురు వెళ్ళేలోపు ఆమె దగ్గర పప్పు వండటం నేర్చుకున్నాడు. మొదటిసారి ఉప్పు మరిచిపోయాడు. ఇద్దరూ నవ్వుకుంటూ తిన్నారు. ఆ ఇంట్లో అలా నవ్వి చాలా కాలమైంది.

క్రిస్‌మస్ ఆరాధన అయిన మర్నాడు కెజియా తాడేపల్లి వెళ్ళింది. కొత్త బడి ఆమెకేమీ సులువు కాలేదు. పాఠాలు అక్కడొకచోట ఉంటే ఇక్కడొకచోట ఉన్నాయి. నాన్న తిన్నాడో లేదోనన్న దిగులు రాత్రి పక్క మీద చేరగానే మొదలయ్యేది. ఒకరి కోసం దిగులు తీరితే మరొకరి కోసం మొదలైందేమిటని ఆమెకే విసుగొచ్చేది. కానీ క్లాసులో కూర్చున్నప్పుడు ఇప్పుడు చెల్లి ఏం చేస్తుందో అని ఆలోచించాల్సిన పని లేదు. అదే వీధి చివర బడిలో ఉంది, సాయంత్రం తనే తీసుకొస్తుంది. పొద్దున అన్నం అమ్మ వండుతుంది. వచ్చిన రెండో నెలలో లెక్కల పరీక్షలో గట్టెక్కింది. గొప్ప మార్కులేం కావు. జెమీమా పక్క తడపటం ఒక్కసారిగా మానలేదు. తగ్గింది.

ఆదివారాలు జయపాల్ వచ్చేవాడు. లిడియా ఇంట్లోకి వెళ్ళేవాడు కాదు. పిల్లల్ని సీతానగరం ఘాట్ దగ్గరికి తీసుకెళ్ళేవాడు. ముగ్గురూ కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చుని అతను తెచ్చిన జామకాయలు తినేవారు. కోతలు ముమ్మరంగా ఉన్న వారం రాలేకపోతే ముందే ఫోన్ చేసి చెప్పేవాడు. చెప్పకుండా మానటం ఎప్పుడూ లేదు. మొదట్లో జెమీమా అతనికి కాస్త ఎడంగా, అక్కకు అవతల కూర్చునేది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పిల్లల్ని దింపటానికి వస్తే లిడియా గుమ్మంలోకి వచ్చింది. "శుక్రవారం బళ్ళో తల్లిదండ్రుల మీటింగంట. పెద్దదాని బళ్ళో కూడా అదే రోజు. నాకు రెండూ కుదరవు. నువ్వు ఒకదానికి రాగలవా?"

శుక్రవారం అతనికి రెండో కోత. కూలీలకు ముందే చెప్పి ఉంచాడు.

"చిన్నదాని బడికి నేను పోతా," అన్నాడు.

ఆ శుక్రవారం పక్క పొలం ఇమ్మానియేలుకు కోత అప్పగించి, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చాడు. రెండో తరగతి గదిలో చిన్న బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. మాధవీలత పిల్లల్ని ఒక్కొక్కరినే లేపి చదివిస్తోంది. జెమీమా లేచి పుస్తకం పట్టుకుంది. కిటికీలోంచి గేటు వైపు చూసింది. అక్క అక్కడ లేదు. తన బడిలో, అమ్మ పక్కన కూర్చుని ఉంది. పిల్ల ఒక క్షణం తండ్రి వైపు చూసింది. జయపాల్‌కు ఏం చేయాలో తోచలేదు. చదువు అన్నట్టు తలూపాడు.

జెమీమా చదివింది. ఒకచోట తడబడి, ఆగి, ఆ మాట మళ్ళీ మొదటినుంచి పలికి ముందుకెళ్ళింది. పాఠం అయిపోయాక తన చోటుకు వెళ్ళకుండా వచ్చి, తండ్రి బెంచీ మీద మిగిలిన కాస్త జాగాలో ఇరుక్కుని కూర్చుంది.